గడ్డి తీసినవాడికి గుడ్డు

రండి, దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి. మధ్యలో చేప ఎగిరినప్పుడు మాత్రం ఉలిక్కిపడకండి.

పాచమ్మ అప్పటికే మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉంది. పొడుగాటి కర్రకు కట్టిన తీగ జల్లెడతో పాచి దేవి గట్టున వేస్తోంది. ఆసుపత్రి నడిమి పెరట్లో ఉన్న ఆ కొలను పెద్దదేమీ కాదు. ఈ గట్టున ఒకరు తుమ్మితే ఆ గట్టున ఉన్న రోగి “చిరంజీవ” అనేటంత. పాచమ్మ మనిషీ అంతే, గుప్పెడు. గోళ్ళ సందుల్లో ఎంత తోమినా వదలని పచ్చదనం. ఎప్పుడూ నానే పాదాలు, ఉతికి పిండి ఆరేయడం మరిచిపోయిన గుడ్డల్లా ముడతలు. వయసులో ఉండగా భర్తను ఈ ఆసుపత్రికే తీసుకొచ్చింది, ఒక్కతే ఇంటికి వెళ్ళింది. తరవాత పని దొరికిందీ ఇక్కడే. వార్డులు తుడవమన్నారు. భర్త కన్నుమూసిన కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చేసరికి చేతిలో చీపురు కదిలేది కాదు. పెరట్లో పని ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడితే ఈ కొలను అప్పగించారు. ఆ రోజు నుంచి మళ్ళీ వార్డు గడప తొక్కలేదు.

అలాంటి కొలనుకే ఇప్పుడు ఆపద వచ్చింది.

ఎండలు ముదిరి నీళ్ళు తగ్గినప్పటి నుంచీ అందులో ఏదో ఉందని గోల. ఒకరోజు నీళ్ళు ఉన్నట్టుండి పొంగి గట్టున కూర్చున్న రోగి ఒళ్ళంతా తడిపాయి. ఇంకోరోజు తామరాకు ఒకటి చూస్తుండగానే సగం చిరిగిపోయింది. కట్టు కట్టిన కాలాయన మొసలి అన్నాడు. పళ్ళు లేని ముసలమ్మ కొండచిలువ అంది. “తాబేలు, ముసలి తాబేలు” అని మందులిచ్చే గదిలోంచి ఇంకొకరు. వంటక్క మాంసం ముక్కలు తాడుకు కట్టి వేసింది, వానపాములు వేసింది, రొట్టె వేసింది. ఏదీ ముట్టలేదు. పిల్లల వార్డులో ఓ పసివాడు దాన్ని చూడాలని వరండా కమ్మీల మీదుగా వంగితే, ఆయా చొక్కా పట్టి లాగింది కాబట్టి సరిపోయింది.

దాంతో పెద్ద నర్సమ్మ బస్తాలు తెప్పించి గట్టున పెట్టించింది. వాటి నిండా తెల్లపొడి.

“సాయంత్రం దాకా చూస్తాను, పాచమ్మా. అదేమిటో తేల్చి బయటికి తీశారా సరే. లేదంటే పొడి చల్లించి, మట్టి పోయించి మూసేయిస్తాను. పిల్లలతో చెలగాటమా?”

“పొడి చల్లితే కప్పలూ చిరుచేపలూ అన్నీ పోతాయమ్మగారూ.”

“పోతే పోనీ. నీకు పనేం పోదులే, వార్డులో వేస్తాను.”

పాచమ్మ జల్లెడ గట్టున పడేసి నీళ్ళలోంచి బయటికొచ్చింది.

ఆ పూట సాయానికి ఆమె పిలిచింది ఈలాయనను. రాత్రి కాపలా ఆయనది. మెడలో ఈల, తలమీద అంచు ఊడిపోతున్న టోపీ, తనకంటే ఒక కొలత పెద్దదైన చొక్కా. పొద్దున్నే పని దిగి ఇంటికి పోవాలి, కానీ ఆ ఇంట్లో తలుపు తీసేవాళ్ళెవరూ లేరు. అందుకని ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. పైగా పిలిచింది పాచమ్మ. ఆమె రోజూ ఆయనకు ఒక ఉడికించిన గుడ్డు ఇచ్చే మనిషి.

ఆ గుడ్డు సంగతి చెప్పాలి. గట్టు మీద కోసిన గడ్డి ఎండితే గాలికి లేచి వార్డుల్లో పడుతుంది, నర్సులు తిడతారు. అందుకని పాచమ్మ రోజూ కోసిన గడ్డిని కొలను మూలన, నీళ్ళ గొట్టం దగ్గర, నీళ్ళలోనే పడేసి పోయేది. రేపు తడిగా ఉన్నప్పుడు తీసి పారేద్దామని. మరునాడు వస్తే పరకైనా ఉండేది కాదు. ఎవరు తీస్తున్నారా అనుకుంది. ఒకరోజు తెల్లారి రాగానే ఈలాయన ఆ మూలనే వంగి కర్రతో నీళ్ళు కెలుకుతూ కనిపించాడు. ఆహా, ఈ మంచిమనిషే! నోరు తెరిచి చెప్పుకోడు కూడా! ఆమె కళ్ళు చెమర్చాయి. తన డబ్బాలోని గుడ్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. అప్పటి నుంచీ ఏళ్ళ తరబడి అదే వరస. ఇంట్లో కూతురు రోజూ ఒక గుడ్డు ఎక్కువ ఉడికించి, “మీ ఈలాయనకి ఉప్పు పొట్లం కూడా కట్టానే అమ్మా” అని ఏడిపించేది.

ఇంతకీ ఆ రోజు ఆయన వెతికింది జారిపడ్డ తన ఈల కోసం. గుడ్డు ఎందుకిచ్చిందో ఆయనకు తెలియదు. అడగనూ లేదు. పెట్టే చేతిని ఎందుకని అడిగితే మరునాడు పెట్టదేమోనని భయం.

సరే, ఇద్దరూ గడ్డపలుగూ కర్రలూ పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతున్నారు. పాచమ్మ చేతికి అలవాటు, పోతూ పోతూ గట్టున గడ్డి కోసి మూలన పడేసింది. పడేశాక గుర్తొచ్చింది.

“అయ్యో, ఇది అడ్డం కదా! ఏవయ్యా, కాస్త తీసి అవతల పారెయ్యి. రోజూ తీసేవాడివేగా.”

“ఏం తీసేవాణ్ణి?”

“గడ్డి.”

“నేనా? నేనెప్పుడు తీశానమ్మా గడ్డి?”

పాచమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఆయన వంక చూసింది. “నువ్వు తీయకపోతే మరెవరు తీస్తున్నారయ్యా ఇన్నేళ్ళూ?”

ఆ మాటకు జవాబు నీళ్ళలోంచి వచ్చింది. పైన తేలుతున్న గడ్డిలో ఒక పరక నిలువుగా లేచింది. ఎవరో కింద కూర్చుని దారం లాగుతున్నట్టు సర్రున లోపలికి పోయింది. ఇంకో పరక. ఆపైన గుప్పెడు. పచ్చగడ్డి మధ్య వెడల్పాటి మూతి ఒకటి తెరుచుకుని మూసుకుంది.

“వామ్మో!” అని ఈలాయన ఈల ఊదేశాడు.

ఆ ఈలకు ఆసుపత్రి మొత్తం కిటికీలకు వచ్చి నిలబడింది. వంటక్క గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

“గడ్డి తింటోందా? కళ్ళారా చూశారా?”

“నా మీద ఒట్టు, వంటక్కా” అంది పాచమ్మ.

వంటక్క నెత్తి కొట్టుకుంది. “గడ్డిచేప! గడ్డి తినే దానికి మాంసం పెట్టి నేను పూజలు చేస్తుంటే ఎలా వస్తుందీ! వెనకటికి తోటమాలి నాచు తినడానికని పిల్లచేపల్ని వదిలాడు, గుర్తుందా? కొంగలు తినేశాయనుకున్నాం. ఒకటి మిగిలి, మన నెత్తిన ఇంత అయిందన్నమాట!”

ఇక చూడండి సంబరం! వల లేదు. ఉతికే గది నుంచి దుప్పట్లు వచ్చాయి. అంచులు ముడివేసి, కింద బరువుకు నీళ్ళు నింపిన మందుసీసాలు కట్టారు. ఒక కొస వంటక్క, ఒక కొస ఈలాయన. పాచమ్మ మూలన నిలబడి గడ్డి చల్లుతోంది. నీళ్ళు ఈలాయన నడుం దాకా ఉన్నాయి. టోపీ తీసి గట్టున పెట్టి రమ్మంటే “ఉద్యోగం మీద ఉన్నాను” అన్నాడు.

“ఇప్పుడు లాగండి!” కాలికి కట్టున్నాయన పైనుంచి కేక.

“ఉండవయ్యా, కాలు విరిగినవాడివి నువ్వేం చెప్పేది!” వంటక్క కింది నుంచి.

దుప్పటి ఉబ్బింది. నీళ్ళు రెండుగా చీలాయి. వెండిపళ్ళెం అంచులా ఒక వీపు పైకి తేలి, చేప అమాంతం గాలిలోకి ఎగిరింది! పిల్లల వార్డు ఒక్క గొంతుతో అరిచింది. ఆ తోక వచ్చి ఈలాయన చెంప మీద ఫెడీల్మని తగిలితే ఆయన వెల్లకిలా పడ్డాడు. టోపీ ఒక్కటే పైన తేలింది. అందరూ హాహాకారాలు చేస్తుంటే టోపీ కిందనుంచే లేచాడు, చేపను రెండు చేతులా కావలించుకుని, నోట్లో నీళ్ళూ నవ్వూ కలిసిపోయి.

“పట్టాను, పాచమ్మా! ముద్దు పెట్టిందే, దొంగముండ!”

స్ట్రెచరు తెచ్చారు. చేప తోక అంచు దాటి వేలాడింది. కొత్త నర్సు పిల్ల అలవాటు కొద్దీ దాని మీద తడి దుప్పటి కప్పి, “ఏం భయం లేదు, ఏం భయం లేదు” అంటూ వీపు నిమిరింది. పళ్ళు లేని ముసలమ్మకు పొలమారేంత నవ్వు. పెద్ద నర్సమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుంది కానీ భుజాలు కదులుతున్నాయి. వంటక్క ఎంత ఆశగా చూసినా, చేపను పెద్ద చెరువుకు నీళ్ళబండిలో పంపేయమంది నర్సమ్మ. బండి గేటు దాటేదాకా కిటికీల నిండా చేతులు ఊగాయి. బస్తాలు వచ్చిన దారినే వెనక్కి పోయాయి.

సందడి సద్దుమణిగాక పాచమ్మ డబ్బా తెరిచింది. గుడ్డు చేతిలోకి తీసుకుని ఈలాయన ఎదురుగా నిలబడింది.

“గడ్డి తీస్తున్నావని కదయ్యా ఇన్నేళ్ళూ ఇచ్చాను! నువ్వెందుకు తీసుకున్నావు మరి?”

“నువ్వు ఇచ్చావు. తీసుకున్నాను.”

“ఎందుకిస్తున్నానని అనుకున్నావు?”

ఆయన తడిసిన టోపీ పిండాడు. “ఏమనుకున్నా, ఆ గుడ్లు చేపకి రావలసినవే కదమ్మా. ఇక ఇవ్వక్కర్లేదులే.”

పాచమ్మకు కోపం రావాలి. నవ్వొచ్చింది. గుడ్డు ఆ టోపీలో పెట్టింది.

“తీసుకో. ఇవాళ ఊరికే ఇస్తున్నాను.”

“ఊరికేనా?”

“ఊరికేనే. రేపు కూడా.”

ఈలాయన గుడ్డు వంక మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. “కాసేపాగి తింటాను. నవ్వి నవ్వి కడుపు నిండిపోయింది” అంటూ గేటు పక్క కాపలా గదిలోకి వెళ్ళాడు.

పొద్దు వాలుతుండగా పాచమ్మ కర్రా జల్లెడా కడిగి గోడకు ఆనించింది. మూలన చూస్తే గడ్డి అలాగే తేలుతోంది. తినేవాళ్ళు లేరు. ఆమెకు చిలిపి ఆలోచన వచ్చింది. కాపలా గది తలుపు దగ్గరికి వెళ్ళింది.

“ఏవయ్యా, లే. ఇక నిజంగానే నువ్వు తీయాలి గడ్డి.”

ఈలాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా పక్కన ఆరేసి ఉంది. మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా సర్దుకోలేదు. ఆమె భుజం తట్టింది. చల్లగా ఉంది. తడికి అనుకుంది. మళ్ళీ తట్టింది.

డాక్టర్లు పరుగున వచ్చారు. వాళ్ళు ఆలస్యం చేయలేదు, ఆయనే ముందు వెళ్ళాడు. గుండె, అన్నారు. మధ్యాహ్నం చేపను మోసిన స్ట్రెచరు మీదే తీసుకుపోయారు, దాని అంచుకు ఒక పొలుసు ఇంకా అంటుకునే ఉంది. పాచమ్మ ఆ అంచు పట్టుకుని నడిచింది. వార్డు గడప దాటింది. మంచాల మధ్యనుంచి, కిటికీ పక్క మంచాన్ని కూడా దాటి, చివరి గది దాకా చెయ్యి వదలకుండా వెళ్ళింది.

తిరిగొచ్చి, నీళ్ళలో దిగి, మూలనున్న గడ్డిని పిడికిలి పిడికిలిగా తనే తీసింది.

ఇదీ సంగతి. మీరూ నలుగురికి చెప్పండి. చేపను ఎంత పెద్దది చేసుకుంటారో మీ ఇష్టం. గుడ్డును మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి: కాపలా గది కిటికీలో, ఇంకా తడారని టోపీ లోపల, పక్కనే విప్పి సిద్ధంగా పెట్టిన ఉప్పు పొట్లంతో, పెంకు తీయని గుడ్డు.