రెండుసార్లే పిలిచాడు

ఓడలో మామూలు భోజనశాల ఒకటి, దాని పై అంతస్తుల్లో ప్రత్యేక రెస్టారెంట్లు నాలుగు ఉన్నాయి. మామూలు దాంట్లో ఎవరైనా ఎప్పుడైనా తినొచ్చు. ప్రత్యేకమైన వాటిల్లో మాత్రం ఒక్కో గదికి ఒక్క రాత్రి, ఇద్దరికి, టిక్కెట్టులోనే కలిపి ఇచ్చారు. ఏ రెస్టారెంటో, ఏ రాత్రో అయిదో అంతస్తు కౌంటరులో ముందుగా చెప్పాలి. చెప్పాక మార్చుకోవడం కుదరదు.

షౌకత్ బహ్‌గత్ ఆ కౌంటరు దగ్గరికి రావడం ఆ పొద్దున అది మూడోసారి.

"ఈసారి తేల్చుకున్నారా, ఉస్తాద్?" అంది కౌంటరులోని ట్యునీషియా అమ్మాయి.

"తేల్చుకుంటున్నాను."

ఈజిప్టులోని సోఖ్నా రేవులో బయల్దేరిన ఓడ అఖబా, జిద్దా చూసుకుని తిరుగుదారి పట్టింది. ఎల్లుండి పొద్దునకి మళ్లీ సోఖ్నా. అక్కడ దిగితే ఇస్మత్ టాంటా బస్సు ఎక్కుతుంది, షౌకత్ అలెగ్జాండ్రియా బస్సు ఎక్కుతాడు. ఈలోగా, నన్ను పెళ్లి చేసుకుంటారా అని ఆవిణ్ణి అడగాలి. అడగడానికి ఒక బల్ల కావాలి. బల్లకి అటు ఆవిడ, ఇటు తను, అంతే. మామూలు భోజనశాలలో అన్నీ పదిమంది కూర్చునే గుండ్రటి బల్లలే.

ఇస్మత్ భూగోళం టీచరుగా చేసి రిటైరైంది. భర్త లేడు. ఓడ ఎక్కిన రాత్రి ఒక గుండ్రటి బల్ల దగ్గర షౌకత్ ఎర్రసముద్రం లోతు ఎంతో పదిమందికీ వివరించాడు. ఆవిడ ఆలివ్ గింజని పళ్లెం అంచున పెట్టి, "అది సూయజ్ కాలువ లోతు, బాష్‌ముహందిస్," అంది, ఇంజనీరుగారూ అనే గౌరవం తగ్గకుండానే. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ఉద్యోగమంతా చేసినవాడికి నీళ్ల లోతు గురించి ఎవరూ అలా చెప్పి ఉండలేదు. మర్నాటి నుంచి ఆవిడ ఏ బల్ల దగ్గర కూర్చుంటే అతనూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు.

గదిలో అతనితో ఉన్నది లుత్ఫీ. మందుల షాపు ఉంది కాబట్టి అలెగ్జాండ్రియాలో అందరికీ డాక్టరే. తన వంతు భోజనం లుత్ఫీ వదులుకున్నాడు. "ఆవిణ్ణే తీసుకెళ్లు. నేను కింద ములూఖియా ఆకుకూర తింటాను. నువ్వు తెల్ల బల్లగుడ్డ ముందు కూర్చుని ఇబ్బంది పడుతుంటే చూడలేకపోవడం ఒక్కటే నాకు నష్టం," అన్నాడు.

ఇక మిగిలింది రెస్టారెంటు ఎంపిక. షౌకత్ దాన్ని కాలువకి దారి నిర్ణయించినట్టే నిర్ణయించాడు. కాలువ పోలేని చోట్లన్నీ కొట్టేస్తే మిగిలిన చోట తవ్వడం అతని పద్ధతి. ఆ పద్ధతిలో తవ్విన వాటిల్లో రెండింటికి నీళ్లు రాలేదు.

జపాను రెస్టారెంటులో పుల్లలతో తినాలి. సన్నటి వస్తువు పట్టుకుంటే పోయిన ఏడాది నుంచి అతని కుడిచెయ్యి వణుకుతోంది. లుత్ఫీతో మాత్రం, పచ్చి చేప ఒంటికి మంచిది కాదన్నాడు. రెండోది మాంసం కాల్చి పెట్టే చోటు. అక్కడ నమలాలి, ఎడమవైపు పై పళ్లు కట్టుడువి. లుత్ఫీతో, పొగ పడదన్నాడు. ఇటలీ రెస్టారెంటులో సేమ్యాలాంటి పొడుగు పోగులని ఫోర్కుకి చుట్టి తింటారు. షౌకత్ చెంచాతో ముక్కలు చేసి తింటాడు, టీచర్లు అలాంటివి చూస్తారు. మన ఈజిప్టు వంటలు చేసే రెస్టారెంటు కూడా ఒకటుంది గానీ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. సముద్రం మీదికి తీసుకొచ్చి ఒక ఆడమనిషి ముందు వీధి బండి మీద అమ్మే కుషరీ పెట్టాడని తెలిస్తే లుత్ఫీ ఊరంతా చెప్తాడు.

అలా ఫ్రెంచి రెస్టారెంటు మిగిలింది. ఆ తిండి గురించి అతనికి ఏమీ తెలియదు. కాబట్టి దాని ముందు తనలో ఏ లోపం బయటపడుతుందో కూడా తెలియదు. అదే దానికి కలిసొచ్చింది.

"ఈ రాత్రికి ఫ్రెంచి. ఇద్దరికి. కిటికీ పక్కన," అన్నాడు. అమ్మాయి రాసుకుంది.

సాయంత్రం పై డెక్కు మీద టీ ఇచ్చారు. ఇస్మత్ పదబంధ ప్రహేళికల పుస్తకం నింపుతోంది. ఆవిడ చెల్లెలు సౌసన్ టీలో బిస్కెట్టు ముంచుతోంది. లుత్ఫీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు. షౌకత్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మదాం ఇస్మత్, ఈ రాత్రి ఫ్రెంచి రెస్టారెంటులో మీరు నాతో భోంచెయ్యాలి."

ఇస్మత్ కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంది. "మీ బల్ల ఎప్పుడూ నిండుగా ఉండాలి, బాష్‌ముహందిస్. మీకెందుకండీ శ్రమ."

ఇందులో కంగారు పడేదేమీ లేదు. పద్ధతి తెలిసిన వాళ్లెవరూ మొదటి పిలుపుకి లేవరు.

"శ్రమేముంది. మీరు రాకపోతే నాకు ముద్ద దిగదు."

"దేవుడు మీకు మంచి ఆకలి ఇవ్వాలి. మీరు కానిచ్చి రండి."

ఇది రెండోది. మూడోసారికి ఒట్టు పెట్టాలి. అప్పుడే అది నిజం పిలుపని అవతలివాళ్లకి తెలుస్తుంది. షౌకత్ పుట్టిన మహల్లా ఊళ్లో అందుకు ఒకటే ఒట్టు ఉండేది: నువ్వు తినకుండా వెళ్తే నా పెళ్లాన్ని వదిలేసినట్టే. అతిథుల కోసం అతని తండ్రి వారానికి ఒకసారైనా తల్లి కాపురాన్ని పణం పెట్టేవాడు. ఎవరూ ఆకలితో వెళ్లలేదు, తల్లీ ఎక్కడికీ వెళ్లలేదు. షౌకత్ కూడా పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఒట్టే వాడాడు. అది విన్నప్పుడల్లా అతని భార్య విదాద్ వంటింట్లోంచి, "ఇంకో పళ్లెం పెట్టనా, నా బట్టలు సర్దుకోనా?" అని అడిగేది.

విదాద్ పోయింది. వదిలెయ్యడానికి పెళ్లాం లేనివాడు ఆ ఒట్టు పెట్టలేడు. పైగా ఒకావిణ్ణి పెళ్లికి అడగబోతూ పెళ్లాన్ని వదిలేస్తాననడం బాగుండదు. ఇక దేవుడి మీద ఒట్టు ఉంది. కానీ మధ్యాహ్నమే అన్నం వడ్డిస్తున్న మనిషిని పట్టుకుని, దేవుడి తోడు, నువ్వూ కూర్చుని నాలుగు ముద్దలు తినాల్సిందే అని మూడుసార్లు బతిమాలాడు. అతను గిన్నెతో సహా పారిపోయాడు. ఇదంతా ఇస్మత్ ఎదురుగానే జరిగింది.

షౌకత్ నోరు తెరిచాడు. అందులో ఒట్టు దొరకలేదు.

"మీ ఇష్టం," అన్నాడు.

లుత్ఫీ పేపరు కొంచెం కిందికి దిగింది. ఇస్మత్ పెన్సిలు తీసుకుని పదబంధం మీదికి వంగింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి షౌకత్ చెల్లెలి వైపు తిరిగాడు. "మదాం సౌసన్, పోనీ మీరైనా."

సౌసన్ ఇరవై ఏళ్లు జర్మనీలో, హాంబర్గులో ఉండి వచ్చింది. అక్కడ ఒక్కసారే పిలుస్తారు.

"సరే. ఎన్నింటికి?" అంది.

గదిలో షౌకత్‌కి టై కడుతూ లుత్ఫీ నవ్వు ఆపుకోలేదు.

"మీ ఇష్టం అన్నావా? ఆ మాటే అన్నావా?"

"మరేమనాలి?"

"మట్టిలో పడి దొర్లినా తప్పులేదు, ఆ మాట మాత్రం అనకూడదు. పైగా ఎక్కిన రోజు నుంచి ఓడంతా పిలుస్తూనే ఉన్నావు. కెప్టెన్‌ని పిలిచావు. ఆ జోర్డాన్ దంపతులని ఆగస్టులో ఇంటికి రమ్మన్నావు. ఆగస్టులో నువ్వు ఇంట్లో ఉండవు."

"మర్యాదకి అన్నాను."

"ఆవిడా అదే అనుకుంది. నీ పిలుపుల్లో ఏది మర్యాదో ఏది పిలుపో ఎలా తెలుస్తుంది?"

"గొంతులో తెలియదా?"

"నీది రేడియో గొంతురా. అందరికీ ఒకేలా వినిపిస్తుంది."

"ముందు టై బిగించు."

"బిగిస్తాను. మెడకి హామీ లేదు."

కిటికీ పక్క బల్ల షౌకత్ కోరుకున్నట్టే ఉంది. అటు ఒకరు, ఇటు ఒకరు, మధ్యలో ఎవరూ లేరు. అటు కూర్చున్నది సౌసన్. మెనూలో ఒక్క ముక్క అర్థం కాక షౌకత్ దాన్ని కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివాడు.

"బాతు తెప్పించండి," అంది సౌసన్. "నాకూ అదే."

"మీకు ఫ్రెంచి వచ్చా?"

"రాదు. పక్క బల్ల వాళ్లు తింటున్నారు, బాగున్నట్టుంది."

బాతు వచ్చింది. సౌసన్ శ్రద్ధగా తింది. షౌకత్ తన ముక్కని కుడివైపు పళ్లకి పంపించడంలో ఉండగా, ఆవిడ కత్తి కింద పెట్టింది.

"మా అక్క మధ్యాహ్నం ఆకుపచ్చ గౌను ఇస్త్రీకి ఇచ్చింది," అంది.

షౌకత్ నమలడం ఆపాడు. "దేనికి?"

"మీరు ఫ్రెంచి రెస్టారెంటులో ఇద్దరికి బల్ల చెప్పారని డాక్టర్ లుత్ఫీ లిఫ్టులో వినపడేలా అన్నాడు. మా అక్క వినలేదన్నట్టు ఊరుకుంది. గదికి రాగానే గౌను తీసింది."

"మరి వద్దన్నారు కదా."

"అంటుంది మరి. పిలవగానే లేచి వచ్చేస్తుందా, ఆకలితో ఉన్నట్టు? నాలాంటి సిగ్గులేనిది కాదు." సౌసన్ రొట్టె ముక్కతో పులుసు తుడిచింది. "అక్క ఏమందో చెప్పనా? వడ్డించేవాణ్ణి మూడుసార్లు బతిమాలాడు, నన్ను రెండుసార్లు, అంది."

కిటికీలో సముద్రం చీకటిగా ఉంది. అందులో షౌకత్‌కి టై కట్టుకున్న ఒక మనిషి కనిపించాడు. ఆ మనిషికి జపాను, ఇటలీ, కాల్చిన మాంసం, ఫ్రాన్సు అన్నిటి గురించీ ఆలోచించే తీరిక దొరికింది. ఇంకొక్కసారి అడగాలని మాత్రం తోచలేదు.

"మీరు ఎందుకు వచ్చారు మరి?" అన్నాడు.

"ఒకటి, ఆకలి. రెండు, మా అక్కని అడగబోయేవాడు ఎలాంటివాడో చూద్దామని. ఆవిడ చూడదు, పుస్తకంలోంచి తల ఎత్తదు."

"ఎలాంటివాణ్ణి?"

సౌసన్ అతని పళ్లెం వైపు చూసింది. "బాతు వదిలేస్తున్నారు, అది ఇలా ఇవ్వండి," అంది.

షౌకత్ పళ్లెం జరిపాడు. లేచి కౌంటరుకి వెళ్లి ఇంకో రాత్రి ఇమ్మని అడుగుదామనుకున్నాడు. గదికి ఒక్కటే అని తనకి తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. సౌసన్ అతని బాతు పూర్తి చేసేదాకా కూర్చున్నాడు.

పొద్దున కింది భోజనశాలలో అతను ఉడికించిన చిక్కుడుగింజల ముందు ఒక్కడే ఉన్నాడు. లుత్ఫీ ఇంకా నిద్ర లేవలేదు. గుండ్రటి బల్లకి అటువైపు జోర్డాన్ దంపతులు టీ తాగుతున్నారు. ఇస్మత్ తన పళ్లెం తెచ్చుకుని పక్క కుర్చీలో కూర్చుంది.

"బాతు బాగుందట," అంది.

"మీ చెల్లెలికి తెలియాలి."

"రెండు పళ్లేలు తిందని చెప్పింది." ఆవిడ గింజల మీద నిమ్మకాయ పిండింది. "మా గదికి ఇంకా ఒక భోజనం మిగిలే ఉంది. సౌసన్‌కి జపాను కావాలని గొడవ, నాకు మన వంటలు కావాలి, తేలలేదు. తన వాటా నిన్న మీ దగ్గరే తినేసింది కాబట్టి ఇక దానికి మాట్లాడే హక్కు లేదు. అందుకని ఈ రాత్రి..."

"వస్తాను," అన్నాడు షౌకత్.

జోర్డాన్ ఆయన టీ కప్పు దించి ఇటు చూశాడు.

"నేనింకా పిలవలేదు," అంది ఇస్మత్.

"పిలవండి. వస్తాను."

"ఒక్కసారైనా వద్దనాలి, బాష్‌ముహందిస్. ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"ఆబగా ఉన్నాడనుకుంటారు. అనుకోనివ్వండి. నేను వద్దంటే మీరు మీ ఇష్టం అంటారేమోనని భయం."

ఇస్మత్ తల వంచుకుని గింజలు కలిపింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

ఆ రాత్రి ఆవిడ ఆకుపచ్చ గౌను వేసుకుంది. షౌకత్ టై కట్టుకోలేదు. బల్ల వంటగది తలుపు పక్కన ఉంది, కిటికీ లేదు. కుషరీ చెంచాతో తినేది, చెయ్యి వణికినా చెంచా బోర్లాపడదు. పప్పూ అన్నమూ నమలడానికి సొంత పళ్లు అక్కర్లేదు. లుత్ఫీ దారిలోనే ఎదురుపడి, ఈ సంగతి ఊళ్లో ఎవరెవరికి చెప్పాలో ఒక్కొక్కరి పేరే చెప్పి వెళ్లాడు.

షౌకత్ ఒక ఉపోద్ఘాతం తయారు చేసుకున్నాడు. అందులో అలెగ్జాండ్రియా గాలి, ఒంటరి ఇల్లు, పింఛను, కాలువలు ఉన్నాయి. మొదటి వాక్యం గుర్తు రాలేదు.

"మదాం ఇస్మత్, మిమ్మల్ని ఒక మాట అడగాలి."

"అడగండి. కానీ నేను ముందు వద్దంటాను. మీరు బెదరకూడదు."

"బెదరను. నన్ను పెళ్లి చేసుకోండి."

ఇస్మత్ కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంది. "ఈ వయసులో ఏం పెళ్లిళ్లండీ. మీ పిల్లలేమంటారు."

"వాళ్లని అడగడం లేదు. మిమ్మల్ని అడుగుతున్నాను. చేసుకోండి."

"నాకు టాంటాలో ఇల్లుంది, మొక్కలున్నాయి. వాటికి నీళ్లెవరు పోస్తారు."

షౌకత్ నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మొక్కల గురించి నిజంగా ఆలోచించడం మొదలుపెట్టాడు: ఎన్ని ఉంటాయి, కుండీల్లోనా నేలలోనా, ఏ పూట పోస్తుంది.

ఇస్మత్ చెంచా పట్టుకుని ఎదురు చూసింది. కుషరీ చల్లారుతోంది.

"ఆగారెందుకు?" అంది.