నూటికి ఎనభై

పులికాట్ సరస్సును సముద్రంతో కలిపే మొగ ఇసుకతో పూడిపోయి మూడేళ్లయింది. సముద్రపు నీరు రాక, రొయ్య పిల్ల కరువై తిప్పకుప్పంలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. మొగలో ఇసుక తీయించమని ఊరు పెట్టుకున్న అర్జీ కిందటేడు ‘తగిన ఆధారాలు లేవు’ అన్న ఒక్క ముక్కతో వెనక్కి వచ్చింది. ఈసారి రాసే పని ఊరిపెద్ద పోలేరయ్య కూతురు భానుప్రియ మీద పడింది. సూళ్లూరుపేటలో డిగ్రీ చదివిన పిల్ల. ఈసారీ కాదంటే మిగిలినవాళ్లు కూడా చెన్నైకి కూలికి పోవడమే.

ఆమెకు ఒక స్వచ్ఛంద సంస్థ నివేదిక దొరికింది. సరస్సులో రొయ్యలు నూటికి ఎనభై వంతులు తగ్గాయని అందులో ఉంది. చదివి వినిపిస్తే ఊరంతా ఊపిరి పీల్చుకుంది. గడువు మూడు రోజులుందనగా, ఆ ఎనభై ఎక్కడిదో చూద్దామని నివేదిక అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. ఏదో పత్రిక వార్త నుంచి తీసుకున్నారు. ఆ వార్త వెతికి తీసింది. ‘ఎనభై శాతం పోయిందని స్థానిక మత్స్యకారుడు పోలేరయ్య వాపోయారు.’

భానుప్రియ వెళ్లి, వల బాగుచేసుకుంటున్న తండ్రి ముందు ఫోను పెట్టింది.

“నాయనా, ఎనభై అని ఎట్టా చెప్పినావు?”

“నూటికి ఎంత పోయిందని విలేకరి అడిగినాడు. కడుపు మండి అనేసినా. నేనేమన్నా కొలిచినానా?”

“అయితే అది తీసెయ్యాల.”

“తీసేస్తే ఇంకేముంది మనకాడ? పుస్తకంలో అచ్చయింది గదా, ఎవరడగతారు?”

“అడిగితే? తిరిగి తిరిగి నీకాడికే వస్తారు. ఇంక మన మాట నమ్మేదెవరు?”

పోలేరయ్య వల విసిరికొట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా వెతికింది. వీడియోలూ, వాట్సాప్ సందేశాలూ అన్నీ ఆ ఎనభైనే తిప్పి చెబుతున్నాయి. చివరికి పన్నెండేళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థి రాసిన పుస్తకం దొరికింది. మొగలో ఇరవై చోట్ల లోతు ఎప్పుడు, దేనితో కొలిచాడో అంతా రాశాడు. అప్పట్లో సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలోనూ నిలువెత్తు నీళ్లున్నాయి.

ఇప్పుడెంత ఉందో తామే కొలవాలి. పోలేరయ్య రానన్నాడు. తల్లి చెంచమ్మ గెడ పట్టుకుని పడవెక్కింది. రెండు రోజులు, పోటుకీ పాటుకీ, అవే ఇరవై చోట్ల కొలిచారు. పాటు వేళ పద్నాలుగు చోట్ల మోకాటి కిందికే నీళ్లు. పడవ ఇసుకలో దిగబడితే తల్లీకూతుళ్లు దిగి నెట్టారు.

అర్జీ చివర ‘రొయ్యలు ఎంత తగ్గాయో మేము కొలవలేదు’ అని రాయబోతూ భానుప్రియ భయపడి రెండుసార్లు ఎనభై రాసింది. రెండుసార్లూ చెరిపేసింది.

విచారణ రోజున, అర్జీలు పెట్టుకున్న సరస్సు ఒడ్డు ఊళ్లవాళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు.

“అందరూ ఎనభై శాతం తగ్గాయని రాశారు. మీరు కొలవలేదంటారేంటమ్మా?” అన్నాడు అధికారి.

భానుప్రియ పక్క ఊళ్లవాళ్ల వైపు చూసింది. నిజం చెబితే, ఆ ఎనభైనే నమ్ముకుని పక్క ఊళ్లు తమ కాలవల పూడిక తీయించమని పెట్టిన అర్జీలు పోతాయి. చెప్పకపోతే తన ఊరిది పోతుంది. వెనక నుంచి పోలేరయ్య లేచాడు.

“ఆ ఎనభై నా నోటి మాట సార్. కడుపు మండి అన్నది. మా బిడ్డ రాసిన లోతు మాత్రం కొలిచిందే. మీరొచ్చి గెడ దించి చూడండి.” అంటూ దండం పెట్టాడు.

“మమ్మల్ని ముంచినావు గదన్నా!” అన్నారు పక్క ఊరివాళ్లెవరో.

అధికారి భానుప్రియ రాసిన కొలతలు తిరగేశాడు. “సర్వేకి మనుషుల్ని పంపిస్తాను. అంతకు మించి ఇప్పుడేమీ చెప్పలేను.”

నెల తర్వాత సర్వేవాళ్లు వచ్చారు. పోలేరయ్యే వాళ్లను పడవలో తిప్పాడు. పదిహేడు చోట్ల భానుప్రియ రాసిన లోతే తేలింది. పని ఉత్తర్వు మాత్రం ఇంకా రాలేదు.

ఆ వారమే చెంచమ్మ తమ్ముడు రమణయ్య ఇంటికి తాళం వేసి, చెన్నై పోయేందుకు పిల్లలతో ఆటో ఎక్కాడు.

“పని మొదలైతే ఫోన్ చెయ్యి పాపా, వచ్చేస్తాం” అన్నాడు భానుప్రియతో.

ఆటో మలుపు తిరిగేదాకా చెంచమ్మ రోడ్డు మీదే నిలబడింది.