మూడు హోడీలు

మీ దొరలెక్కడ అని అడిగాడు ఆ హోటలువాడు, నన్ను, యాభై రెండేళ్ళవాణ్ణి, ఉతికిన చొక్కా వేసుకుని, ఒక చేత్తో సంచీ, పక్కన పెళ్ళాం మీజేని పెట్టుకుని నిలబడ్డవాణ్ణి, మీ దొరలు బండిలో ఉన్నారా, వానలో దిగలేకపోతున్నారా, గొడుగు పంపనా అన్నాడు, ఏ దొరలయ్యా, గది మాకే అంటే ముందు నా చెప్పులు చూశాడు, తర్వాత మీజే నల్ల బురఖా అంచుకంటిన బురద చూశాడు, ఆ తర్వాత తీరిగ్గా పుస్తకం తిరగేసి ఖాళీలు లేవు అన్నాడు, మసీకా వానల్లో, సముద్రం మీద ఒక్క తెరచాప కనపడని రోజుల్లో, పదహారు గదులకి పదహారు తాళాలు వేలాడుతుండగా ఖాళీలు లేవట, గేటు మీద మాత్రం గజమెత్తు అక్షరాలతో కరీబు అని రాసిపెట్టుకున్నారు, మూడో తరగతితో బడి మానేసిన నాకు కూడా ఆ మాట చదవడం వచ్చు, గేటు రమ్మంటుంది, మనిషి పొమ్మంటాడు, ఇదీ మా జంబియానీ ఇప్పుడు, నేను పుట్టిన ఊరు, నా బొడ్డు పాతిన ఇసకలో నన్ను మీ దొరలెక్కడ అని అడుగుతారు.

ఎక్కడా దొరక్క చివరికి ఈ రేకుల గది, పైన చూస్తే తుప్పు పట్టిన రేకులు, మేకులు, మేకుల కింద రబ్బరు బిళ్ళలు, ఈ వయసు వచ్చేదాకా రేకు కింద పడుకోలేదు నేను, పడుకోనని ఒట్టు కూడా పెట్టుకున్నాను, సముద్రం అవతల బగమోయోలో నా అద్దింటికి కూడా ఇంటాయన్ని బతిమాలి నా చేత్తో నేనే మకూతీ వేసుకున్నాను, కొబ్బరాకు మడిచి పుల్లకి కుట్టి వరసలు వరసలుగా కడితే ఎంత వానొచ్చినా పిల్లి నడిచినట్టుంటుంది, కింద పసిపిల్ల నిద్ర కూడా చెదరదు, అదీ కప్పంటే, ఇది కప్పా, వేపుడు పెనం బోర్లించినట్టు, అయినా ఈ సెలవు నేనడిగానా, మా జుహురా అడిగింది, దారెస్సలాంలో మందుల షాపులో పని చేస్తుంది, నాన్నా, వానల్లో ఎలాగూ నీకు కప్పు పని ఉండదు, నీ పక్కటెముకలు పూర్తిగా అతికేదాకా నిచ్చెన ఎక్కొద్దన్నాడు డాక్టరు, అమ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ పొయ్యి దగ్గర్నుంచి లేచింది లేదు, నాలుగు రోజులు సముద్రం చూడండి, ఎవరో వండి పెడితే తినండి అని ఫోన్లో నాలుగు బొమ్మలు పంపింది, నాలుగు చోట్లు, జనం లేని రోజులు కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ దిగొచ్చట, ప్రశాంతంగా ఉంటుందట, జంజిబారు చుట్టూ ఇంత తీరం ఉండగా జంబియానీయే ఎందుకే అంటే పిల్ల నవ్వి అమ్మనడుగు అంది, అప్పుడే అనుకున్నాను, ఇది తల్లీకూతుళ్ళు కూడబలుక్కున్న పని, బడి వెనకాల మా అన్న కొంబో ఇల్లుంది కదా మరి.

మొదటి చోటు నేను కప్పిందే, పద్దెనిమిదేళ్ళ కిందట, భోజనాల సావడి, నలభై అడుగుల నడికప్పు, అది చూస్తే మీజేకి కూడా గర్వంగా ఉంటుందని ముందు అక్కడికే తీసుకెళ్ళాను, దూరం నుంచి చూసి పర్వాలేదే, రంగు కూడా మాయలేదు అనుకున్నాను, దగ్గరికెళ్ళి చూరు పట్టుకుంటే చేతికి జారింది, ప్లాస్టిక్, ఆకులా కోసిన ప్లాస్టిక్, చీలికలు కూడా ఆకు చీలికల్లాగే వేశారు, హోటలు మూసేశారు, కాపలా ముసలాయన ఒక్కడే ఉన్నాడు, ఓడలో వచ్చింది పెద్దాయనా, ఇరవై ఏళ్ళుంటుందట, చెద పట్టదట, నిప్పంటుకోదట అంటున్నాడు, మరి దాని కింద కూర్చుని నెత్తిన గోనెసంచి ఎందుకేసుకున్నావయ్యా అంటే, కారుతోంది కదా మరి అన్నాడు, మీజే నోటికి ముసుగు అడ్డం పెట్టుకుంది, నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు, రెండోది ఆ పుస్తకంవాడిది, మూడోది ఇంకా ఘోరం, గేటు దగ్గర పెదాల మీద వేలు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ, చెప్పులు బయట వదలాలి, ఫోను వాళ్ళకిచ్చెయ్యాలి, లోపల నాలుగు రోజులూ ఒక్క మాట మాట్లాడకూడదు, అదేనట ప్రశాంతత, దానికి డబ్బు, మీజే ఇవన్నీ చెప్పిన ఆవిడ ముఖం మీదే అనేసింది, ఇరవయ్యేడేళ్ళుగా ఈయన పక్కన నోరు మూసుకునే ఉన్నాను తల్లీ, దానికి మళ్ళీ ఇక్కడ డబ్బు కూడా కట్టాలా, నిజానికి ఆ ఇరవయ్యేడేళ్ళలో ఆవిడ నోరు మూసుకున్న రోజు నాకైతే గుర్తు లేదు, అదీ అక్కడే అనేవాణ్ణి, బొమ్మలో ఆడమనిషి వేలు చూసి ఊరుకున్నాను.

తర్వాత చినుకుల్లో తీరం వెంట నడిచాం, పోటు తగ్గింది, నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి, పుల్లలకి కట్టిన సముద్రపు నాచు బయటపడింది, మోకాలు లోతు నీళ్ళలో నాచు కోస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ నడుమెత్తి, ఏయ్, నువ్వు కొంబో తమ్ముడు షామేవి కాదూ, ఆ ఎగుడుదిగుడు నడక మీ ఇద్దరిదే కదా అని అరిచింది, కాదు అన్నాను, పక్కనే మీజే అవునవును ఆయనే అంది, ఆడవాళ్ళందరూ నవ్వారు, సిగ్గుతో చచ్చాను, ఇక నాలుగోది గదులు అద్దెకిచ్చే ఈ బీ జువేనా ఇల్లు, నడవాలోకి అడుగు పెట్టీ పెట్టగానే కరీబు, కరీబు, అయ్యో పూర్తిగా తడిసిపోయారు, లోపలికి రండి నాయనా అంది, పొద్దున్నుంచీ ఆ మాట మనిషి నోటి నుంచి విన్నది అదే మొదలు, ఒట్టు సంగతి మర్చిపోయి గది తీసుకున్నాను, తాళం చేతికిస్తూ ఆవిడ, నువ్వు కొంబో తమ్ముడివి కదయ్యా, అన్న ఇల్లు బడి వెనకాల పెట్టుకుని నా గదికి అద్దె కడతావా, రేపు బావి దగ్గర నా ముఖం ఎలా ఎత్తుకోను అని సణిగింది, సణుగుతూనే సాయంత్రపు అసరు నమాజు అవగానే అల్లం టీ, నూనెలో వేయించిన మందాజీలు తెస్తానంది, అసరు దాటి ఎంతసేపయింది, టీ లేదు, ఏమీ లేదు, ఇదేనా ఎవరో వండి పెడితే తినడం, ఊరు ఊరంతా ఇంతే, మాట ఒకటి, చేత ఒకటి.

మీజే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది, ఇందాక నిమ్మళంగా అంది, గది బాగుంది, రేపు పొద్దున్న నేనొక్కదాన్నే బావగారింటికి వెళ్తాను, జుహురా పెళ్ళికి వాళ్ళని పిలవనివ్వలేదు నువ్వు, అప్పుడు నేనూ సరే అన్నాను, ఇప్పుడు పిల్లకి ఏడో నెల, పుట్టే బిడ్డకి పెదతాత ఉన్నాడని చెప్పాలా లేడని చెప్పాలా, నువ్వు రానక్కర్లేదు, నీ గుమ్మం పట్టుకుని నువ్వుండు అంది, కోప్పడి ఉంటే తిరిగి కోప్పడేవాణ్ణి, నిమ్మళంగా అనేసరికి పైన మేకులు లెక్కపెట్టుకున్నాను, తనకేం తెలుసు, తనున్నదా ఆ రోజు, పన్నెండేళ్ళయింది, ఇలాంటి మసీకాలోనే, నాన్న కట్టిన ఆ ఇంటికి ఆకు పాతబడిందని నాకు తెలుసు, ఎవరూ అడక్కుండానే నెల రోజులు కూర్చుని కుట్టాను, మూడు వందల మకూతీ తడికలు, పడవలో వేసి, గాడిద బండి మీద వేసి, వానలో బురదలో తోసుకుంటూ తెచ్చాను, సందు మొగలోకి వచ్చి తలెత్తితే రేకులు, కొత్తవి, ముఖం కనపడేంత మెరుస్తున్నాయి, కప్పులేసేవాడు తమ్ముడై ఉండగా అన్న ఇంటి మీద రేకులు, ఇంతకంటే చెప్పు తీసుకుని కొడితే నయం కదా, అయినా మింగాను, మింగి బండి వదిలి గుమ్మం ముందుకెళ్ళి హోడీ అన్నాను, లోపలికి రానా అని, పెద్దగా వాన, రెండోసారి హోడీ అన్నాను, అన్న నీలం చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, వదిన కొబ్బరిపాలలో కర్రపెండలం ఉడికిస్తోంది, వాసన వానని చీల్చుకుని వస్తోంది, ఇంట్లో ఉన్నారు, అందరూ ఉన్నారు, మూడోసారి హోడీ అన్నాను, కరీబు అన్నవాడు లేడు.

మూడుసార్లు పిలిచి పలక్కపోతే వెనక్కి తిరగాలి, మాకు పాలతో పాటు పట్టిన సంగతి అది, నాలుగోసారి పిలవడం అడుక్కోవడమే, తలుపు బాదేది పన్నులవాడు, మనిషైతే హోడీ అంటాడు అని నాన్న మా ఇద్దరికీ ఒకేసారి చెవులు మెలేసి చెప్పాడు, తిరిగాను, మూడు వందల తడికలూ సందు మొగలో గుట్ట పోసి వెళ్ళిపోయాను, నెల తర్వాత కబురు పంపాడు పెద్దమనిషి, సందులో మకూతీ చూశాను, నీ కుట్టే, ఇంతదాకా వచ్చి పిలవకుండా పోయావేంరా అని, పిలవకుండానట, ఎంత పచ్చి అబద్ధం, గొంతు బొంగురుపోయేలా పిలిచినవాణ్ణి పట్టుకుని పిలవకుండా అంటాడా, ఆ ఒక్క మాటకి పన్నెండేళ్ళు మాటల్లేవు, మూడుసార్లు కబురంపాడు, మూడుసార్లూ జవాబివ్వలేదు, లెక్కకి లెక్క, ఇదిగో మొదలైంది వాన, చినుకులు కాదు, గంపలతో రాళ్ళు కుమ్మరించినట్టు, అబ్బ, ఇదేం గోల, పుర్రె లోపల దంచుతున్నట్టుంది, మీజే ఇటు తిరిగి ఏదో అంది, పెదాలు కదిలాయి, ఏమిటీ అన్నాను, మళ్ళీ కదిలాయి, ఏమిటే అని అరిచాను, నా మాటే నాకు సరిగ్గా వినపడలేదు, ఆవిడ చెయ్యి విదిలించి గోడవైపు తిరిగింది, చూశావా, మాట్లాడుకోవడానికి కూడా పనికిరాని ఇల్లు, దీనికోసం కాదనుకున్నాడు నా మకూతీని, చలికి కడుపులో ఆకలి, టీ ఏదీ, ఆ మహాతల్లి ఎక్కడ, కరీబు అనడం కాదు గొప్ప, అన్నమాట మీద నిలబడాలి, వాన తగ్గనీ, అడిగేస్తాను, ముఖం మీద అడిగేస్తాను.

తగ్గింది, తలుపు తీశాను, గడప పక్కనే పళ్ళెం, దాని మీద ఇంకో పళ్ళెం మూత, మూత జారిపోయి టీ కప్పుల నిండా వాననీళ్ళు, మందాజీలు నాని ఉబ్బి దూదిపింజల్లా ఉన్నాయి, ఒళ్ళు మండింది, బీ జువేనా, ఇదేనా తల్లీ మీ మర్యాద, కుక్కకి పెట్టినట్టు గుమ్మం బయట పెట్టి పోతారా అని కేకేశాను, ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది, నా కంటే గట్టిగా అందుకుంది, మర్యాద నాకు నేర్పుతావా షామే, మూడుసార్లు హోడీ అన్నాను, మూడోసారికి దగ్గొచ్చింది, లోపల నుంచి కరీబు అన్నది ఏదీ, మొగుడూ పెళ్ళాం ఉన్న గది తలుపు తోసుకుని వచ్చెయ్యనా, ఉన్నారా అంటే ఉన్నారు, ఇవిగో నీ చెప్పులు ఇక్కడే ఉన్నాయి, పలకడం ఇష్టం లేదు కాబోలని పెట్టి వెళ్ళాను, నాకూ కష్టం వేసింది తెలుసా, నేను మెలకువగానే ఉన్నాను అన్నాను, మరి పలకలేదేం అంది, వినపడలేదు అన్నాను, ఆవిడ కోపం అంతలోనే పోయింది, ఓ, వానా అంది, అదేదో రోజూ జరిగే సంగతన్నట్టు, రేకుల ఇంట్లో ఎలా వినపడుతుందిలే, మా ఇళ్ళల్లో వానప్పుడు రాయి తీసుకుని తలుపు బాదుతాం, మకూతీ కింద పెరిగినవాడివి నీకేం తెలుసు, ఉండు, వేడిగా మళ్ళీ పెట్టుకొస్తాను అని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

గుమ్మం పక్కన నా చెప్పులు, తడిసి, ముక్కులు లోపలికి తిరిగి ఉన్నాయి, ఇంటి మనిషి లోపలున్నాడని ఎవరికైనా చెప్పేలా ఉన్నాయి, లోపల నేనున్నాను, ఎవరినీ కాదనుకోలేదు, ఎవరి మీదా తలుపు వెయ్యలేదు, పైగా ఆవిడ కోసమే కాచుకు కూర్చుని రాలేదని తిట్టుకుంటున్నాను, అన్న కూడా అలాగే కూర్చుని ఉంటాడు, కర్రపెండలం ఉడుకుతోందా లేదా అని చూస్తూ, వానలో తమ్ముడు బగమోయోలో ఏం చేస్తున్నాడో అనుకుంటూ, పిలవకుండా పోయావేంరా అన్నాడు, తనకి తెలిసిందే అన్నాడు, కాదు, రేకులు వెయ్యడం మాత్రం తప్పే, అది నేను ఒప్పుకోను, అడుగుతాను, కూర్చోబెట్టి అడుగుతాను, ఒరే, నీకు తమ్ముడు లేడా, వాడికి చేతులు లేవా అని, వెనక మీజే లేచి కూర్చుంది, ఏమిటలా నిలబడ్డావు జుహురా నాన్నా అంది, సంచీ సర్దు అన్నాను, ఆవిడ బురఖా అందుకుంది, మళ్ళీ మబ్బు పట్టింది, బడి దాకా వెళ్ళేసరికి కొడుతుంది, కొట్టనీ, మూడుసార్లు పిలుస్తాను, పలక్కపోతే నాలుగోసారి, అయిదోసారి, రాయి తీసుకుని పన్నులవాడిలా తలుపు బాదుతాను, నాన్న ఏమన్నా అనుకోనీ, అన్నకి వినపడలేదు, అంతే, పన్నెండేళ్ళూ అంతే, వినపడలేదు.