ఎదురొచ్చిన అత్త

ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక కొండను మోశారంటే నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు. కొండ మాత్రం నమ్మింది. వాళ్ళ చేతుల్లో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారైనా అనుమానంగా కిందికి తొంగి చూడలేదు.

మోయడమంటే గంపెత్తుకున్నట్టు కాదు, మోసేవి యంత్రాలు. గనిలో బొగ్గును ముందు స్తంభాలుగా వదిలేసి, చివరికొచ్చాక ఆ స్తంభాలను కూడా ఒక్కొక్కటే కోసుకుంటూ వెనక్కి వస్తారు. అప్పుడిక పైకప్పును ఆపే నాథుడుండడు. ఆ పనికే ఇవి పుట్టాయి. కూర్చున్న ఏనుగంత ఒళ్ళు, నాలుగు లావుపాటి ఇనుపకాళ్ళు, అడుగున అటొకటీ ఇటొకటీ గొలుసు పట్టాలు, పైన మంచమంత చదునైన ఇనుప తల. కాళ్ళు నిక్కించి తలతో కప్పును నొక్కి పట్టాయంటే కొండ కూడా మర్యాదగా కూర్చుంటుంది. నడిపేవాళ్ళు దగ్గరికి పోకూడదు. దూరంగా, గట్టి కప్పు కింద నిలబడి, మెడలో వేలాడే పెట్టె మీద రెండు మీటలతో నడపాలి. ఎడమ మీట ఎడమ పట్టాకి, కుడి మీట కుడి పట్టాకి. ఒకదాన్ని తోసి ఇంకోదాన్ని ఆపితే యంత్రం ఆగినవైపుకి తిరుగుతుంది. ఈ పనికి అలవాటుపడ్డవాళ్ళు ఇంట్లో కూడా మామూలు మనుషుల్లా తిరగరు. ఒక కాలు నిలేసి రెండో కాలితో చుట్టూ గిర్రున వస్తారు.

యంత్రాలు ఎప్పుడూ జంటగానే ఉంటాయి. ఒకటి బరువు మోస్తుంటే రెండోది తల దించి, జరిగి, మళ్ళీ తల ఎత్తాలి. రెండూ ఒకేసారి తల దించాయా, ఇల్లు నేలమట్టమే. అందుకే ఆ గనిలో ఒకదానికి అత్త అనీ, ఇంకోదానికి కోడలు అనీ పేర్లు పెట్టారు. ఏ కాపురం చూసి పెట్టారో ఎవరూ అడగలేదు.

కోడలిని నడిపేది వదిన. అత్తను నడిపేది ఆవిడ మరదలు, అంటే మొగుడి చెల్లెలు. మరదలికి ఇంట్లో పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది కానీ గనిలో అందరూ మబ్బు అనే పిలిచేవాళ్ళు. పిలిస్తే మూడోసారికి పలికేది. వదిన మొగుడు, అంటే మబ్బు అన్న, పరుపులు కుట్టేవాడు.

"మీ అన్న పరుపులు కుట్టి ఊరందరినీ నిద్రపుచ్చుతాడు," అనేది వదిన. "నువ్వేమో పరుపు అక్కర్లేకుండా నిలబడే నిద్రపోతావు. మీ వంశానికి కళ్ళు తెరిచే యోగం రాసిపెట్టలేదే!"

"నిద్ర కాదు వదినా. నేను అక్కడికి వెళ్తాను, అంతే," అనేది మబ్బు.

అక్కడికి అంటే అత్తలోకి. పెట్టె మెడలో పడి, దూరాన అత్త నుదుటి మీది రెండు దీపాలు వెలిగాయంటే చాలు, మబ్బుకు తన మడమల కింద గొలుసులు చుట్టుకున్నట్టుండేది. నడినెత్తి చల్లగా, వెడల్పుగా, ఇనుములా అయ్యేది. అత్త తల కప్పును తాకిన క్షణాన ఆ బరువు మబ్బు మెడమీదికి దిగేది. ఆ బరువులో ఎన్నో ఉండేవి. రాయి పైన ఊటనీరు, దానిపైన మెత్తటి మట్టి, మట్టిలో గడ్డివేళ్ళు, గడ్డి మీద మేకల గిట్టలు.

"ఇవాళ నల్లమేక కాస్త బరువు పెరిగింది వదినా. కడుపుతో ఉన్నట్టుంది."

"రంగు కూడా తెలిసిందా తల్లీ?"

"అడుగు వేసే తీరు నల్లగా ఉంది."

వదిన ముఖం పక్కకి తిప్పుకుని నవ్వేది. ఒకసారి మబ్బు "పైన వాన పడుతోంది, నెత్తి నానిపోయింది" అంది. పైకొచ్చి చూస్తే వీధులన్నీ తడి. వదిన మాత్రం ఒప్పుకోలేదు. "వానాకాలంలో వాన పడుతుందని చెప్పడానికి కొండ కింద దూరాలా?" అంది.

ఈ పగటి కలల వల్ల పనికి నష్టమేమీ రాలేదు. పైగా ఆ లోకంలో ఉన్నంతసేపూ మబ్బు నడిపితే అత్త నీళ్ళ మీద పడవలా పోయేది. తంటా వచ్చిందల్లా మెలకువతోనే.

యంత్రం మనకు వీపు చూపించి పోతున్నప్పుడు దాని ఎడమ మన ఎడమే. అదే ముఖం ఇటు పెట్టి ఎదురొచ్చేటప్పుడు దాని ఎడమ మన కుడివైపుకి వస్తుంది. నడిపేవాళ్ళందరూ ఈ తిరకాసు నేర్చుకుంటారు. చేతులకు చెప్పి చెప్పి అలవాటు చేస్తారు. మబ్బుకు ఆ అవసరమే రాలేదు. తను అత్త లోపలే ఉంటుంది, అత్త ఎటు చూస్తే అటే చూస్తుంది, ఇంక తిరకాసు ఎక్కడిది? కానీ మొన్నామధ్య అత్త ఎదురొస్తున్న సమయానికి ఎవరో వెనక నుంచి "మబ్బూ!" అని కేకేశారు. ఉలిక్కిపడి తనలోకి తాను వచ్చి పడింది. ఆ కంగారులో చేతులు తడబడి, అత్త గోడను గీరుకుంటూ పోయి కరెంటు తీగ చర్మం లేపింది.

ఫోర్‌మన్ పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు తానూ ఇదే పెట్టె మోసినవాడు. ఏ మాటా "అయితే" లేకుండా మొదలెట్టలేడు కాబట్టి అందరూ ఆయన్ని అయితే బాబాయ్ అనేవాళ్ళు.

"అయితే అమ్మాయ్, కలలు కంటే ఇంటి దగ్గర కను. మీ అన్న పరుపులు కుడతాడాయె. ఇక్కడ మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఎదురొస్తే నీ ఎడమ దాని కుడి, నీ కుడి దాని ఎడమ. జపంలా అనుకో. ఇంకోసారి ఇలా అయితే పెట్టె తీసేసి దీపాల గదిలో కూర్చోబెడతా."

దీపాల గది పైన ఉంటుంది. టోపీ దీపాలు ఇవ్వడం, పుచ్చుకోవడం, తుడవడం. వెలుతురు, కుర్చీ, ఫ్యాను. ఆ పని ఇస్తామంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మబ్బుకు మాత్రం అది శిక్ష. కొండ నెత్తి మీద లేకుండా రోజెలా గడుస్తుందో ఆమెకు ఊహకే అందలేదు.

ఆ రోజు నుంచి జపం మొదలుపెట్టింది. నా ఎడమ దాని కుడి, నా కుడి దాని ఎడమ. మేకలు పోయాయి, గడ్డివేళ్ళు పోయాయి, నెత్తి మామూలు నెత్తి అయిపోయింది. అత్త పడవ నడక మరిచి, కొత్త చెప్పులేసుకున్న దానిలా పట్టి పట్టి నడిచింది. వదిన చూస్తూనే ఉంది.

ఇలా ఉండగా ఆ వరసలో చివరి స్తంభం కోత కూడా అయిపోయింది. కోసే యంత్రం, మనుషులు అందరూ వెనక్కి వచ్చేశారు. లోపల మిగిలింది అత్తా కోడళ్ళే. కోడలు దారి మొదట్లో కప్పును పట్టుకుని ఉంది. అత్త దానికి అవతల, ముఖం ఇటు పెట్టి ఉంది. ఇప్పుడు అత్త తల దించుకుని, కోడలికీ బొగ్గు గోడకీ మధ్య ఉన్న సందులోంచి బయటికి రావాలి. సందు ఎంతంటే, అత్త పోగా అటు జానెడు, ఇటు జానెడు. బరువు మోస్తున్న కోడలి కాలికి అత్త భుజం తగిలిందా, కోడలు కదులుతుంది. కోడలు కదిలితే కప్పు దిగుతుంది. రెండు యంత్రాలూ మళ్ళీ కంటికి కనపడవు.

వదినా మరదళ్ళు గట్టి కప్పు కింద నిలబడ్డారు. అయితే బాబాయ్ మబ్బు పక్కకొచ్చి నిలబడ్డాడు. చీకట్లో అత్త దీపాలు రెండూ దుమ్ములోంచి నిద్రకళ్ళలా చూస్తున్నాయి. కప్పు నుంచి అక్కడో పెళ్ళ, ఇక్కడో పెళ్ళ రాలుతోంది.

"అయితే కానీ అమ్మా. జపం గుర్తుందిగా?"

"ఉంది బాబాయ్."

అత్త తల దించింది. నా ఎడమ దాని కుడి. కదిలింది. నా కుడి దాని ఎడమ. సందు దగ్గరికొచ్చింది. ఇప్పుడు కాస్త దాని కుడికి జరగాలి. దాని కుడి అంటే నా ఎడమ, కుడికి తిరగాలంటే ఎడమ పట్టా తోయాలి, ఎడమ పట్టా అంటే... ఎవరి ఎడమ?

మీట పడింది. అత్త భుజం కోడలి మీదికి ఒరిగింది.

"అయితే ఆపు! ఆపు!"

ఆపింది. కోడలి కాలికీ అత్త భుజానికీ మధ్య అరచెయ్యి పట్టేంత చోటు మిగిలింది. లోపల కప్పు పటపటమంది.

అయితే బాబాయ్ చెయ్యి చాపాడు. "ఇటివ్వమ్మా. నేను తెస్తాలే."

గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది మబ్బుకు. ఆ గనిలో ఒక పద్ధతి ఉంది. యంత్రం సగం దారిలో ఉండగా మెడలోంచి తీసిన పెట్టె మళ్ళీ ఆ మెడకెక్కదు. ఎవరూ పెట్టిన పద్ధతి కాదు, ఎవరూ దాటిన పద్ధతీ కాదు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే దీపాల గది. ఆమె వేళ్ళు పెట్టె పట్టీ మీదికి వెళ్ళాయి.

"ఒసేయ్ మబ్బూ," అంది వదిన, కూర తరుగుతూ మాట్లాడినంత తీరిగ్గా. "పైన మీ అన్న వెళ్తున్నట్టున్నాడు, తెలిసిందా?"

మబ్బు తల తిప్పలేదు. "అన్నా?"

"ఆయనే. పెద్ద పరుపు నెత్తి మీద పెట్టుకున్నాడు. ఇద్దరు పడుకునే పరుపు. పోయి పోయి ఆ కుమ్మరి సందులోకే దూరాడు చూడు, మహానుభావుడు."

"అయితే ఇప్పుడు కబుర్లేంటి..." అన్నాడు బాబాయ్.

"మీరుండండి బాబాయ్, మా ఇంటి గొడవ ఇది." వదిన గొంతు పెంచలేదు. "ఎడమపక్క కుండలు పేర్చి ఉన్నాయి. మెడ దాకా పేర్చింది ఆ కుండలమ్మే గయ్యాళి. కుడిపక్క గోడకి ఇప్పుడే సున్నం వేశారు, ఇంకా పచ్చిగా ఉంది. పరుపు అటు తగిలితే సున్నం, ఇటు తగిలితే రభస. ఎలా పోతాడే?"

మబ్బు కనురెప్పలు వాలాయి. నెత్తి మీద ఏదో పరుచుకుంది. మొదట దూదిలా మెత్తగా, తర్వాత నిదానంగా ఇనుములా చల్లగా. మడమల కింద గొలుసులు చుట్టుకున్నాయి. ముందర సందు, సందు చివర ఎక్కడో రెండు చిన్న దీపాలు, వాటి మధ్య ఇంకో చిన్న దీపం. తనకోసం ఎవరో ముగ్గురు నిలబడి ఎదురుచూస్తున్నట్టుంది. వాళ్ళలో ఇద్దరి మెడల్లో పెట్టెలున్నాయి, ఒకావిడ తన పెట్టె పట్టీ పట్టుకుని ఉంది. పాపం, ఎవరో, బాగా బెదిరినట్టుంది.

"ముందు కొంచెం వెనక్కి వేస్తాడు," అంది మబ్బు. ఆ గొంతు దూరం నుంచి వచ్చింది.

"వెయ్యమను. ఆ గయ్యాళి గుమ్మంలోనే ఉంది."

అత్త వెనక్కి జరిగింది. కోడలికి ఊపిరాడింది.

"ఇప్పుడు కుడికి. సున్నం మరీ అంత పచ్చిగా లేదు వదినా, వాసన చూస్తే తెలుస్తోంది."

"తగలనిస్తే మాత్రం ఉతికేది నేనమ్మా. ఆ, కుండలు వచ్చాయి, ఎడమ భుజం చూసుకోమను. ఆవిడేదో అంటోంది, మాట్లాడొద్దను."

"అన్న మాట్లాడట్లేదు. నవ్వుతున్నాడు."

"అదే ఆయనతో వచ్చిన చిక్కు!"

మీటలు కదులుతున్నాయి కానీ కదిపే చేతుల్ని మబ్బు ఎరగదు. అత్త పడవలా వచ్చింది. కోడలి కాలు పక్కనుంచి పోతూ ఉంటే ఆ కాలు మోస్తున్న బరువు గుండా గడ్డి ఊగడం తెలిసింది, ఎక్కడో ఊటనీరు రాతి అంచు దాటడం తెలిసింది. కుండల మీద సన్నటి దుమ్ము, దుమ్ము మీద ఒక చీమ. చీమ కూడా పక్కకి తప్పుకోలేదు, అంత చోటు ఉంది. సందు అయిపోయింది. గట్టి కప్పు కిందికి వచ్చి అత్త కాళ్ళు నిక్కించి తల ఎత్తింది.

"దింపాడా పరుపు?" అంది వదిన.

"దింపాడు."

అప్పుడు వదిన గొంతు మార్చేసింది. ఇక కథ లేదు, కబురు లేదు. కోడలి తల దించి, తడుముకోకుండా బయటికి లాగేసింది. యంత్రం ఇవతలికి వచ్చి నిలబడిందో లేదో, లోపల కొండ పెద్దగా నిట్టూర్చి కూర్చుంది. గాలి ఒక్కసారి విసిరి కొట్టింది. దీపాల వెలుగులో దుమ్ము తెల్లవారుజాము మంచులా కమ్ముకుని, చాలాసేపటికి మెల్లగా దిగింది.

అయితే బాబాయ్ ముఖం తుడుచుకున్నాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోప్పడదామంటే కారణం దొరకలేదు, మెచ్చుకుందామంటే అలవాటు లేదు.

"అయితే," అన్నాడు. ఆగాడు. "అయితే రేపటి వరసలో కూడా అత్తను నువ్వే తీసుకురా. జపం గిపం వద్దు." తర్వాత వదిన వైపు తిరిగి, "ఆ కుండలావిడ చివరికి ఏమంది?" అని అడిగాడు.

"ఏమంటుంది బాబాయ్, పరుపు బేరం ఆడింది."

మబ్బుకు ఈ మాటలేవీ వినపడలేదు. వదిన దగ్గరికొచ్చి ఆమె మెడలోంచి పెట్టె తీసింది. పని అయిపోయాక తీసింది కాబట్టి ఆ తీయడంలో దోషం లేదు. తీసిన మరుక్షణం మబ్బు మడమలు నేల వదిలాయి. కొండంత బరువు దిగినవాళ్ళకి అలాగే అవుతుందట. వదిన ఆమె నడుం బెల్టు పట్టుకుని గుంజి ఉండకపోతే పోయి కప్పుకి అతుక్కునేదే. అయితే బాబాయ్ ఒట్టేసి చెబుతాడు, జానెడు లేచింది అని. బెత్తెడే అంటుంది వదిన. కొలిచిన వాళ్ళెవరూ లేరు.

"నేల మీద నడవవే, సిగ్గుండాలి," అంటూ వదిన బెల్టు వదలకుండానే లిఫ్టు దాకా నడిపించింది. గాలిపటాన్ని ఇంటికి తీసుకెళ్తున్నట్టు, తల పైకెత్తి మాట్లాడుతూ నడిచింది. దారి పొడుగునా మబ్బు నవ్వుతూనే ఉంది.