పిల్లి కంటే ముందు

వాటిసోని రేవు నుంచి ఇంటికొచ్చేసరికి చేతిలో పెద్ద ఎర్ర చేప ఉంది, కడుపులో ఆకలి ఉంది. లెవుకా రేవులో ప్రతి హోటల్ రుచీ ఎరిగినవాడే అయినా, భార్య మెరెసేని కొబ్బరిపాలలో వండే చేపకు ఏదీ సాటిరాదనేవాడు.

పగడపు దిబ్బల దగ్గర పట్టిన చేపలో ఒక్కోసారి విషం ఉంటుంది. అందుకే అక్కడ మొదటి ముక్క పిల్లికి పెట్టి, సాయంత్రం దాకా ఆగుతారు. మెరెసేని పిల్లికి ముక్క వేసింది గానీ, కూర వాసనకు వాటిసోని సాయంత్రం దాకా ఆగలేకపోయాడు. మూడు ముక్కలు తిన్నాక చూస్తే, పిల్లి గుమ్మంలో కదలకుండా పడి ఉంది.

"అయిపోయానే! పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి."

"అన్ని మిరపకాయలు కొరికితే ఎక్కవూ? ఆగమంటే ఆగావా, తిండిపోతు మనిషీ!" అంది గానీ, మెరెసేని పరుగున నీళ్ల చెంబు తెచ్చింది.

చల్లటి నీళ్లు నిప్పులా తగిలితే విషం ఎక్కినట్టే. అతను చెంబులో వేలు ముంచాడు. చల్లగానే ఉంది. అయినా నమ్మలేక ఇద్దరూ పక్కవీధి నర్సు దగ్గరికి పరుగెత్తారు. ఆమె సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఏమీ లేదని పంపింది.

ఇంటికొచ్చేసరికి పిల్లి బల్లమీద కూర్చుని మూతి నాక్కుంటోంది. వాటిసోనికి ప్రాణం మిగిలింది, గిన్నెలో ముల్లు మిగిలింది.