మూడో రోజుకు పండే కాయ

సుభద్ర కాయను ఎడమచేతిలోకి తీసుకుని తొడిమ దగ్గర వాసన చూసింది. బొటనవేలితో కాయ భుజం నొక్కింది. పెట్టెలో పెట్టి ఇంకోటి తీసింది. ఆగిరిపల్లి రోడ్డు మీది ఫణి మామిడికాయల షెడ్డులో పొద్దున ఏడింటి నుంచి ఆమె చేస్తున్నది ఇదే. ఫణి తండ్రి కాలం నుంచి ముప్పై ఒక్క వేసవులుగా చేస్తున్నదీ ఇదే.

చిన్న రసాలు. పెట్టెకు పన్నెండు. కింద గడ్డి, గుంటకో కాయ, పైన గడ్డి. పెట్టె మీద ఏరిన మనిషి పేరు. కొరియర్‌లో అది బెంగళూరు చేరడానికి మూడు రోజులు. సుభద్ర ఏరిన కాయ మూడో రోజుకు పండి, తోలు ముడత పడుతుంది. రసానికి ముడత పడిందంటే తీపి ఎక్కినట్టు.

ఎదురుగా కూర్చున్న పద్మకు ఇది రెండో వేసవి. చేతికందిన గట్టికాయ పెట్టేస్తుంది.

"అది పండటానికి వారం పడుద్దే," అంది సుభద్ర.

"పడనీ అత్తా. వాళ్లకేమన్నా మనలాగా తొందరా?"

పదకొండింటికి ఫణి భార్య రమ్య పిలిచింది. ఆన్‌లైన్ ఆర్డర్లు చూసేది ఆమె. ఫోన్లో ఫొటో చూపించింది. పళ్లెంలో ముడత పడ్డ పండు. చాకుతో నిలువునా కోశారు. పీచు కనిపిస్తోంది. కింద కొన్నవారి ఫిర్యాదు: పాత సరుకు, డబ్బు వాపసు కావాలి.

"రసాన్ని కోశారేంటమ్మా? పిసికి జుర్రుకోవాలి కదా."

"పెట్టెలో కాగితం కూడా వేశాను సుభద్రమ్మా. ఎవరు చదువుతారు?"

"డబ్బులు ఇచ్చేశారా?"

"మనం ఇచ్చేదేముంది, వాళ్లే లాగేసుకున్నారు."

రమ్య అట్టముక్క మీద రాసి చెప్పింది. కొన్నవారికి ఏడువందలూ వెళ్లిపోయాయి. ఆన్‌లైన్ కంపెనీ తీసుకున్న కమిషన్ నూట అయిదు. అందులో ఎనభై నాలుగు తిరిగిచ్చి, వాపసు ఖర్చు కింద ఇరవై ఒకటి ఉంచుకుంది. పెట్టెకింత అని కంపెనీ తీసుకునే పాతిక తిరిగి రాదు. కొరియర్ నూట నలభై రాదు.

"అమ్ముడుపోనిదానికి కమిషనేంటమ్మా?"

"వాపసు చేసే పని వాళ్లు చేశారంట."

"పళ్లు వెనక్కొస్తాయా?"

"రావు. అక్కడే ఉంటాయి."

"తినేసుంటారు."

"తినేసే ఉంటారు," అని రమ్య నవ్వింది.

తర్వాత అభ్యంతరం చెప్పే పేజీ తెరిచింది. నాలుగు కారణాలున్నాయి. పెట్టె చేరలేదు, సరుకు మారింది, దెబ్బతింది, కొన్నవారు మనసు మార్చుకున్నారు. పండు బాగుందని చెప్పడానికి చోటు లేదు. మాట్లాడే నంబరూ లేదు.

రెండింటికి ఫణి నూజివీడు నుంచి వచ్చి లెక్క చెప్పాడు. ఈ నెల పంతొమ్మిది వాపసులు. పదహారు పెట్టెల మీద సుభద్ర పేరుంది, మూడింటి మీద మిగతావాళ్ల పేర్లు. పద్మ పేరు ఒక్కదాని మీదా లేదు. పెట్టె చేరాక ఫిర్యాదుకు గడువు రెండు రోజులు. పద్మ కాయలు ఆ రెండు రోజులూ గట్టిగా ఉంటాయి. ఆ తర్వాత పుల్లగా ఉన్నా చెప్పుకునే వీలు లేదు.

"నువ్వు పెట్టేది మంచి కాయేనని నాకు తెలుసు సుభద్రమ్మా. ఇంకో నాలుగు వాపసులొస్తే మన అమ్మకం ఆపేస్తామని మెసేజ్ పెట్టారు."

"ఏం చెయ్యమంటారు బాబూ?"

"పద్మలాగా పెట్టు. లేదంటే నిన్ను గడ్డి పరిచే పనికి మార్చాలి."

"నా దగ్గరికి ట్యూషన్‌కి రా అత్తా," అంది పద్మ. అందరూ నవ్వారు. సుభద్ర కూడా నవ్వింది.

కూర్చుంది. వాసన లేని కాయ తీసి పెట్టింది. ఇంకోటి పెట్టింది. అలా నాలుగు పెట్టెలు నింపింది. అయిదో పెట్టెలో పదకొండు కాయలయ్యాక ఒకటి తీసి, కాసేపు పట్టుకుని, తిరిగి కుప్పలో వేసింది. చేతికి అంటిన సొన గోనెకు తుడుచుకుంది.

"రెడ్డిగూడెం ఆటో వెళ్లిపోద్ది," అంది.

అప్పటికి నాలుగయింది. ఆటో ఆరింటికి. సంచీ తీసుకుని ఇంటికి బయల్దేరింది.

మర్నాడు రాలేదు. ఫణి ఫోన్ చేస్తే, "మోకాళ్లు లేవట్లేదు బాబూ, పద్మ ఉందిగా," అంది. ఆ మర్నాడూ రాలేదు.

ఆమె కూర్చున్న చోట పెట్టె అలాగే ఉంది. పదకొండు గుంటల్లో పచ్చికాయలు, పన్నెండో గుంటలో చేత్తో నొక్కి సర్దిన గడ్డి.