గాజు తలుపు మీద రోజుకో బొమ్మ

నేను ఒక ఒంటికన్ను దాన్ని. రెప్ప కూడా నాకు ఒక్కటే, అదీ ఎవరో ఒకరు నొక్కితేనే వాలుతుంది. మీరు నన్ను కెమెరా అంటారు. సముద్రానికి అవతల ఒక పెద్ద ఫ్యాక్టరీలో పుట్టాను. నన్ను బిగించిన వాళ్ళంతా మూతులకు గుడ్డలు కట్టుకుని, తలలకు టోపీలు పెట్టుకుని ఉండేవారు. అందుచేత నన్ను కన్నవాళ్ళ ముఖాలు నాకు తెలియవు. ఊరందరి ముఖాలూ చూడాల్సిన దానికి ఇదేం రాత అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

కాకినాడ వచ్చి నేను మొదట పడింది పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ పాపారావు చేతిలో. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ నా సందుల్లో తలంబ్రాల బియ్యం లేని రోజు లేదు. భోజనాల దగ్గర గుత్తొంకాయ చాల్లేదని కొట్టుకోబోయిన వియ్యంకులు, పాపారావు నన్ను పైకెత్తగానే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకునేవారు. నా రెప్ప వాలేదాకా మంచివాళ్ళుగా ఉండటం మనుషులకు బాగా చేతనవును. ఆ తరవాత సంగతి నేను చూడను కాబట్టి, లోకమంతా సఖ్యంగానే ఉందని చాలాకాలం నమ్మాను.

పాపారావు ఇంకా పెద్ద కెమెరా కొనుక్కున్నాడు. నన్ను ఒక రిపేరు కొట్టుకు ఇచ్చేశాడు. అక్కడి అద్దాల బీరువాలో కూర్చుని దుమ్ము తాగుతుంటే, ఒక రోజు గున్నేశ్వరరావు వచ్చి నన్ను మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. నన్ను కాదు, తనని చూసుకున్నాడు. బాగానే ఉన్నాననుకున్నాడు కాబోలు, వెంటనే కొనేశాడు.

గున్నేశ్వరరావుకు జగన్నాథపురం వంతెన దిగగానే మందుల షాపు ఉంది. యాభై దాటిన మనిషి. మంచివాడు, నెమ్మదస్తుడు. పని మొదలుపెట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పూర్తి చేయడం మాత్రం ఆయన జాతకంలో లేదు. హార్మోనియం కొని సరళీ స్వరాల దగ్గర ఆపేశాడు. మేడ మీద తేనెటీగల పెట్టె పెడితే, ఈయన వాటిని వదిలేయకముందే అవే ఈయన్ని వదిలి వెళ్ళిపోయాయి. హిందీ నేర్చుకుంటానని పుస్తకాలు తెచ్చి, వాటికి అట్టలు వేసేదాకా మహా శ్రద్ధగా చేశాడు.

నన్ను ఇంటికి తెచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని భార్యతో అన్నాడు.

"వేణీ, ఇవాళ్టి నుంచి రోజుకో ఫొటో తీస్తాను. ఏడాది పొడుగునా. ఒక్క రోజు తప్పినా నా పేరు గున్నేశ్వరరావు కాదు."

సత్యవేణి చారు వడ్డిస్తూ, "అయితే కొత్త పేరేదో ఇప్పుడే అనుకోండి. ఆధార్ కార్డులో మార్చాలంటే చాలా తిరగాలండీ బాబూ" అంది.

ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. ఏ రోజు ఫొటో ఆ రోజు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులో ప్రింటు తీయించి, షాపు గాజు తలుపు మీద అంటిస్తానని శపథం పట్టాడు. ఊరందరి ముందూ మొదలుపెడితే మానేయడానికి సిగ్గుపడాలి కదా అని ఆయన లెక్క. తనని తాను అంతమాత్రం ఎరిగిన మనిషే.

మొదటి వారం కాకినాడ తీరంలో సూర్యుడు ఆయన వేలి వెనక నుంచి ఉదయించాడు. ఒక పూట మూత తీయకుండానే నన్ను నాలుగువైపులా తిప్పి, "చీకటి భలే పడిందే" అని మురిసిపోయాడు. క్రమంగా వేలు పక్కకు జరిగింది. అప్పుడు ఇంకో తెగులు పట్టుకుంది. ఎక్కడో చూసిన గొప్ప ఫొటోల్లాంటివే తీయాలని బయల్దేరాడు. ఒక రోజు ఉప్పుటేరు ఒడ్డున చేపలమ్మే పోలమ్మ ముఖానికి నన్ను జానెడు దూరంలో పెట్టాడు.

"ఏటి బాబూ, నా మొకం మీద ముడతలు తప్ప నీకింకేటీ అవుపళ్ళేదా?" అందామె.

"ముడతల్లోనే జీవితం ఉంటుంది పోలమ్మా."

"ఉంటే ఉండనీ. మొన్న తీర్తానికి కొన్న సీరుంది. రేపు కట్టుకొత్తాను, అప్పుడు తియ్యి."

మర్నాడు ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చేపల బుట్ట దూరంగా తోసేసి, ఊపిరి కూడా తీయకుండా కూర్చుంది. ఆ ఫొటోలో జీవితం ఉందో లేదో నాకు తెలియదు. చీర మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. పోలమ్మ తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చి గాజు తలుపు ముందు నిలబెట్టింది. ఆ రోజు గున్నేశ్వరరావు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నవ్వుతూనే మందులిచ్చాడు.

ఎండాకాలం వచ్చేసరికి ఉత్సాహం అడుగంటింది. సూర్యుడు రోజూ అలాగే లేస్తున్నాడు, పడవలు అలాగే పోతున్నాయి. ఆయన ఫ్యాను తీశాడు, చెప్పులు తీశాడు, సగం తిన్న పెసరట్టు తీశాడు, తన నీడని తీశాడు. మా ఇంట్లో ఫొటో దిగని గరిటె లేకుండా పోయింది. "ఇవాళ కూడా ఏమీ దొరకలేదా?" అని సత్యవేణి అడిగితే, "నీకు అర్థం కాదులే" అనేవాడు. నిజానికి ఆయనకూ అర్థమయ్యేది కాదు. కానీ మందుల కోసం వచ్చినవాళ్ళు చీటీ ఇచ్చి, ఆ ఖాళీలో తలుపు మీద బొమ్మలు చూడటం అలవాటు చేసుకున్నారు. "ఏవండీ, ఇవాళ్టిది ఇంకా అంటించలేదే?" అని అడిగేవాళ్ళు తయారయ్యారు. మానేయడానికి దారి లేదు.

వానాకాలం మొదట్లో ఆయనకు జ్వరం తగిలింది. మందుల షాపు వాడికి జ్వరమేమిటని నవ్వినవాళ్ళే, అది విడవకుండా కాస్తుంటే నవ్వడం మానేశారు. రెండో నాటికి మంచం దిగలేకపోయాడు. సాయంత్రం ఉలిక్కిపడి లేచి, "ఇవాళ్టిది తియ్యలేదు" అంటూ నా వైపు చెయ్యి చాచాడు. నేను మేకుకు వేలాడుతున్నాను. రెండడుగులు వేసి, కళ్ళు తిరిగి మళ్ళీ మంచం మీద కూలబడ్డాడు.

"పడుకోండి. ఒక్క రోజు ఫొటో లేకపోతే కాకినాడేం మునిగిపోదు" అంది సత్యవేణి.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి ఆ వీపు సన్నగా కదలడం ఆమె చూసింది, నేనూ చూశాను. ఏదీ పూర్తి చేయడని పెళ్ళయిన నాటి నుంచీ ఆయన్ని ఆటపట్టించిన మనిషి. ఆ వీపు చూశాక కొంగుతో చేతులు తుడుచుకుని నన్ను మేకు మీంచి తీసింది.

"ఇదెక్కడ నొక్కాలో చెప్పండి."

ఆయన ఇటు తిరక్కుండానే చూపుడువేలు గాలిలో ఆడించి చూపించాడు.

నిజం చెప్పాలంటే నాకు ఆశ లేదు. గుడికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఫొటో అనగానే స్తంభం చాటుకు పోయే మనిషి ఆమె. కానీ చేతిలోకి తీసుకున్నాక ఆమె తొందరపడలేదు. వంటింట్లో బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పెరట్లో కరివేపాకు మొక్కకు పోస్తూ ఆగింది. ఆ తెల్లటి నీళ్ళల్లో సాయంత్రపు మబ్బు కనపడింది. దాని అంచున ఒక పిచ్చుక ముక్కు ముంచింది. అప్పుడు నొక్కింది. మర్నాడు పక్కింటి పిల్ల తలంటుకుని కిటికీ దగ్గరకొచ్చి, "అత్తా, మావయ్యకెలా ఉంది?" అని అడిగింది. సత్యవేణి నవ్వమనీ అనలేదు, జరగమనీ అనలేదు. దాంతో బడి కబుర్లు మాట్లాడుతూ మాట్లాడుతూ, ఆ పిల్ల నన్ను మరిచిపోయిన క్షణాన నొక్కింది. నా ఎదుట ఒక ముఖం నన్ను మరిచిపోవడం నేనెరిగి అదే మొదలు.

ఆ తరవాతి రోజు మధ్యాహ్నం ఆయన దోమతెరలో ఒళ్ళెరగక నిద్రపోతున్నాడు. పాదాలు మాత్రం తెర బయటికి వచ్చాయి. ఆమె వాటి దగ్గర కూర్చుని, జ్వరం దిగిందేమోనని అరికాలి మీద ఎడమచెయ్యి వేసి చూసింది. చల్లగా తగిలిందేమో, ఆ చెయ్యి తీయలేదు. చాలాసేపు అలాగే ఉంచింది. కిటికీ వెలుగు గాజుల మీదుగా జారి పాదాల మీద పడుతోంది. కుడిచేత్తో నన్ను ఎత్తింది. నా రెప్ప ఎన్ని వేలసార్లు వాలిందో నాకే తెలియదు గానీ, వాలినందుకు సంతోషించింది ఆ పూటే.

షాపులో పనిచేసే కుర్రాడు రోజూ ప్రింటు తీయించి అంటించడంతో గాజు తలుపు మీద కొత్త బొమ్మలు పడ్డాయి. "అంత జ్వరంలోనూ మానలేదండీ గున్నేశ్వరరావుగారు!" అని జగన్నాథపురమంతా చెప్పుకుంది. ఇదివరకు చీటీ ఇచ్చి బొమ్మలు చూసేవాళ్ళు, ఇప్పుడు మందులు చేతికిచ్చినా కదలడం లేదు.

లేచి తిరగగలిగాక ఆయన షాపుకు వెళ్ళి ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికొచ్చి, "బాగానే వచ్చాయి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వంటింటి గడప మీద నాతో మాటు వేశాడు.

"వేణీ, బియ్యం ఎప్పుడు కడుగుతావు?"

"కడిగి ఎసట్లో కూడా వేసేశానండీ."

"మళ్ళీ ఓసారి కడగవూ?"

ఆమె పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. అయినా ఇంకో గ్లాసెడు బియ్యం కడిగింది. నీళ్ళు వచ్చాయి, మబ్బు వచ్చింది, పిచ్చుక మాత్రం రాలేదు. పిచ్చుకలకు మొహమాటం ఉండదు కాబోలు.

ఒక సాయంత్రం నా పాత యజమాని పాపారావు షుగరు మాత్రల కోసం షాపుకు వచ్చాడు. ఇప్పుడాయన ఊళ్ళో ఫొటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడు. నన్ను గుర్తుపట్టలేదు. తలుపు మీద పాదాల బొమ్మ చూసి మాత్రం మాత్రల సంగతే మరిచిపోయాడు.

"పెళ్ళిళ్ళలో అన్నేళ్ళు తీసి ఇలాంటిది ఒక్కటి తియ్యలేకపోయానండీ. వచ్చే ఆదివారం మా ప్రదర్శనలో ఇదే ముందు పెడతాం. మీకు శాలువా కప్పుతాం, కాదనకూడదు" అంటూ గున్నేశ్వరరావు చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

గున్నేశ్వరరావు రెండో చేత్తో మాత్రలు అందించాడు. పాపారావు వెళ్ళాక కూడా ఆ చేతిని ఏం చేయాలో తెలియక ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి, "మన ఫొటో ఒకటి ప్రదర్శనకు తీసుకెళ్ళారు" అన్నాడు.

"ఏదండీ?"

"అదే... కాళ్ళది. నా పేరు వేస్తారట."

సత్యవేణి గరిటె ఒక్క క్షణం ఆగింది. "వెయ్యనీండి. కెమెరా మీది, కాళ్ళు మీవి. పేరు మీది ఉంటే తప్పేముంది?" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ పూట పులుసులో ఉప్పు పడలేదు. ఆయన ఉప్పు అడగకుండానే తిని లేచాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా మీద నన్ను వేలాడేసుకుని హాలుకు బయల్దేరాడు. ఆయన గుండె నాకు వీపులో దబదబా తగులుతోంది. లోపల పాదాల బొమ్మ నిలువెత్తున ఉంది, కింద పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. సత్యవేణి వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. పాపారావు మైకు అందుకుని, అమాయకంగానే అడిగాడు.

"అందరికీ ఉపయోగపడుతుంది, చెప్పండి గున్నేశ్వరరావుగారూ. ఆ తల్లి చెయ్యి ఎంత సహజంగా ఉందండీ! మీరు ఆవిడతో ఏం చెప్పి అలా పెట్టించారు?"

ఆయన మైకు పట్టుకున్నాడు. "అంటే... ఓపిక ఉండాలండీ..." అని మొదలుపెట్టాడు. వెనక వరసలో ఆమె తల వంచుకుని చీర అంచు సరిచేసుకుంటోంది. ఆయన ఆగిపోయాడు. శాలువా కింద ఆ మనిషి చెమటతో తడిసిపోవడం నాకొక్కదానికే తెలుసు.

చివరకు అన్నాడు. "ఆ కాళ్ళు నావండి. నేను నిద్రలో ఉన్నాను. ఆ చెయ్యి మా ఆవిడది. ఇక ఫొటో ఎవరు తీశారో మీరే చెప్పండి."

ముందు ఎవరికీ అందలేదు. అందాక హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి ఉందేమోనని ఆయన ఒక్క క్షణం బెదిరాడు గానీ, మెట్లు దిగి తిన్నగా వెనక వరసకు నడిచాడు. శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాడు. అది కప్పడం రాక ఒకవైపు నేల మీద పడింది.

"ఏంటండీ ఇది, అందరి ముందూ" అంది సత్యవేణి. మాట్లాడమని మైకు ఇస్తే, "జ్వరం దిగిందో లేదో చూశానండీ, అంతే" అని కూర్చుండిపోయింది. కూర్చున్నాక మాత్రం, జారిన శాలువా అంచుని జాగ్రత్తగా పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఏడాది నిండింది. గున్నేశ్వరరావు మొదలుపెట్టి చివరిదాకా లాగిన మొదటి పని అది. జ్వరం రోజుల బొమ్మల కింద సత్యవేణి పేరు తన చేత్తోనే రాశాడు. ఇంకొన్నాళ్ళకు నా రెప్ప బిగిసిపోయింది. రిపేరు వాడు విప్పి చూసి, ఇక లాభం లేదన్నాడు. పారేస్తారనుకున్నాను. షాపులో గ్లూకోజు పొట్లాల పక్కన, తలుపుకు ఎదురుగా నన్ను కూర్చోబెట్టారు.

ఇప్పుడు వాళ్ళకు కొత్త కెమెరా ఉంది. ఒక రోజు ఆమె వంతు, ఒక రోజు ఆయన వంతు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అని పోట్లాడుకుంటూనే పొద్దున్నే బయల్దేరతారు. బొమ్మల కింద పేర్లు రాయడం మానేశారు. ఏది ఎవరిదో చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. గున్నేశ్వరరావుకూ తెలుసు. అయినా తన వంతు వచ్చిన రోజు, ఎంత బతిమాలినా కెమెరా ఆమె చేతికివ్వడు.